పంప్ మార్చే ముందు మీటర్ పెట్టండి: ఇంజెక్షన్ బండికి పెట్రోల్ అందకపోతే కరెంటు ఎక్కడ ఆగిందో కనిపెట్టే పద్ధతి

నర్సంపేట దగ్గర మా బాబాయికి ఒక 150 సీసీ ఇంజెక్షన్ బండి ఉంది. మొన్న వానాకాలంలో అది ఉన్నట్టుండి దారిలో ఆగిపోవడం మొదలుపెట్టింది. పది నిమిషాలు పక్కన పెడితే మళ్లీ స్టార్ట్ అయ్యేది. చూపిస్తే పెట్రోల్ పంప్ పోయిందన్నారు. వేలు పోసి కొత్త పంప్ వేయించాడు. నాలుగో రోజు పొలం నుంచి వస్తుంటే మలుపులో మళ్లీ ఆగింది. "ఒరేయ్, కొత్త పంప్ వేయించినా ఇదే గోల. ఒకసారి వచ్చి చూడరా" అని ఫోన్ చేశాడు. వెళ్లి చూస్తే పంప్‌కి ఏ రోగమూ లేదు. దాని దాకా సరిపడా కరెంటు వెళ్లడం లేదు, అంతే.

ఇలాంటివి చాలా చూశాక నాకు గట్టిగా అనిపించేది ఒక్కటే. పెట్రోల్ అందడం లేదంటే ముందు పంప్‌ను కాదు, పంప్‌కి వచ్చే కరెంటును అనుమానించాలి. అందుకు కావలసింది ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్, ఓ అరపూట ఓపిక. ఏం చూడాలో, ఏ వరసలో చూడాలో కింద రాస్తున్నాను. వరస మార్చకండి. తేలికగా తేలేవి ముందు, ట్యాంక్ విప్పాల్సినవి చివర పెట్టాను.

ముందు జాగ్రత్త

పెట్రోల్ దగ్గర కరెంటు పని చేస్తున్నాం. గాలి ఆడే చోట, నీడలో, ఇంజిన్ చల్లారాక చేయండి. చుట్టుపక్కల బీడీ, సిగరెట్, అగరుబత్తి, పొయ్యి ఏదీ ఉండకూడదు. పక్కన ఒక బకెట్ పొడి ఇసుక పెట్టుకోండి. ట్యాంక్ మూత తీసి ఉన్నప్పుడు ఏ వైరూ కలపొద్దు, విడదీయొద్దు. కప్లర్లు (వైర్లను ఒకదానికొకటి కలిపే ప్లాస్టిక్ జాయింట్లు) తీసేటప్పుడు, పెట్టేటప్పుడు తాళం ఆఫ్‌లో ఉండాలి. బ్యాటరీ తీయాల్సి వస్తే ముందు మైనస్ తీసి, పెట్టేటప్పుడు మైనస్ చివర పెట్టండి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు మాత్రం ఎప్పుడూ తీయకండి. ఆ క్షణంలో లేచే వోల్టేజీకి ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్) కాలిపోవచ్చు. పెట్రోల్ పైపు విప్పాల్సి వస్తే గుర్తుంచుకోండి, లోపల ప్రెషర్ ఉంటుంది. ముఖం దూరంగా పెట్టి, గుడ్డ కప్పి, మెల్లగా తీయాలి.

కరెంటు నడిచే దారి

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 నిబంధనలు వచ్చాక మన దగ్గర అమ్మే కొత్త పెట్రోల్ బండ్లు దాదాపు అన్నీ ఇంజెక్షన్‌వే. పాత కార్బొరేటర్ బండిలో పెట్రోల్ ట్యాంక్ నుంచి తనంతట తానే కిందికి దిగేది. ఇప్పుడు ట్యాంక్ లోపల మోటార్ తిరిగితేనే వస్తుంది. అంటే కరెంటు లేకపోతే ట్యాంక్ నిండా పెట్రోల్ ఉన్నా ఇంజిన్‌కి చుక్క అందదు.

ఆ కరెంటు బ్యాటరీ దగ్గర బయలుదేరి మెయిన్ ఫ్యూజ్, తాళం స్విచ్, కిల్ స్విచ్ (హ్యాండిల్ మీద ఇంజిన్ ఆపే స్విచ్) దాటుకుని రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) దాకా వస్తుంది. బండి నిటారుగానే ఉందని పడిపోయే సెన్సర్ చెబితే ఈసీయూ రిలేను కలుపుతుంది. రిలే నుంచి పంప్‌కి, పంప్ నుంచి ఎర్త్‌కి. కొన్ని చిన్న బండ్లలో విడి రిలే ఉండదు. తాళం స్విచ్ నుంచి ప్లస్ నేరుగా పంప్‌కి వస్తుంది, మైనస్ వైపును ఈసీయూ కలుపుతుంది. మీ బండిది ఏ తరహానో సర్వీస్ మాన్యువల్‌లో వైరింగ్ బొమ్మ చూస్తే తెలుస్తుంది. వైర్ల రంగులు కంపెనీకో రకంగా ఉంటాయి. అందుకే రంగును నమ్మి పని చేయకండి.

తాళం ఆన్ చేయగానే ఈసీయూ పంప్‌ను రెండు మూడు సెకన్లు మాత్రమే తిప్పి ఆపేస్తుంది. ఆ తర్వాత ఇంజిన్ తిరుగుతోందని క్రాంక్ సెన్సర్ చెబితేనే మళ్లీ నడుపుతుంది. ఈ సంగతి తెలియక 'పంప్ రెండు సెకన్లకే ఆగిపోతోంది, పాడైంది' అనుకునేవాళ్లు చాలామంది. అది దాని పద్ధతి. సెల్ఫ్ కొట్టినప్పుడు కూడా తిరగకపోతేనే తేడా. దాంతోపాటు ప్లగ్‌లో కరెంటు కూడా లేకపోతే పంప్ వదిలేసి క్రాంక్ సెన్సర్ కప్లర్ చూడండి.

మొదటి పని: వినడం

చుట్టూ చప్పుడు లేని చోట బండి పెట్టి, కిల్ స్విచ్ రన్‌లో ఉంచి, ట్యాంక్‌కి చెవి ఆనించి తాళం ఆన్ చేయండి. సన్నగా గుయ్‌మని రెండు సెకన్లు వినిపించి ఆగాలి. బాగా వినిపిస్తే పంప్‌కి కరెంటు వస్తోంది. అప్పుడు ఇంజెక్టర్ (ఇంజిన్‌కి పెట్రోల్ చిమ్మేది), ప్లగ్, ఫిల్టర్ వైపు వెళ్లండి. అసలు వినిపించకపోతే కింది వరసలో రండి. నీరసంగా, మూలుగుతున్నట్టు వినిపిస్తే వోల్టేజీ తక్కువగా వస్తోందేమో చూడాలి.

డాష్‌బోర్డు మీది పెట్రోల్ గేజ్‌ను నమ్మకుండా ట్యాంక్‌లో నిజంగా పెట్రోల్ ఉందో లేదో కళ్లతో చూడండి. ట్యాంక్ లోపలి ఫ్లోట్ ఇరుక్కుపోతే డాష్‌బోర్డు మీద సగం గీతలు చూపిస్తూనే బండి ఖాళీ అవుతుంది.

బ్యాటరీ

బండి రాత్రంతా నిలిపి ఉంచాక, తాళం ఆఫ్‌లో బ్యాటరీ మొనల మీద కొలవండి. 12.6 నుంచి 12.8 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.4 పర్వాలేదు. 12 దగ్గర ఉంటే ముందు చార్జింగ్ పెట్టి తర్వాత మిగతావి చూడండి. సెల్ఫ్ కొడుతుండగా 10 కంటే కిందికి పడిపోతుంటే బ్యాటరీ ముసలిదైందని అర్థం. ఇంజిన్ నడుస్తూ కాస్త రేస్ ఇచ్చినప్పుడు సుమారు 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. 15 దాటుతుంటే రెక్టిఫయర్ (చార్జింగ్ వోల్టేజీని అదుపులో ఉంచేది) పోయింది. దాన్ని అలాగే వదిలేస్తే పంప్, ఈసీయూ రెండిటికీ ముప్పే.

"కిక్ ఉందిగా, బ్యాటరీతో పనేంటి?" అని అడుగుతుంటారు. కార్బొరేటర్ బండికి ఆ మాట చెల్లింది. ఇంజెక్షన్ బండిలో కిక్ కొట్టినా పంప్ తిరగాలి, ఈసీయూ మేలుకోవాలి. బ్యాటరీ పూర్తిగా దిగిపోతే ఎంత కిక్ కొట్టినా లేవకపోవచ్చు.

బ్యాటరీ లుగ్గుల బోల్టులు చేత్తో కదిపి చూడండి. తెల్లటి పొడి ఉంటే వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, గీకి బిగించండి.

స్విచ్‌లు, ఫ్యూజ్, చెక్ లైట్

కిల్ స్విచ్‌ను పదిసార్లు అటూ ఇటూ నొక్కండి. వానలో నానిన స్విచ్‌కి లోపల పచ్చటి చిలుము పడుతుంది. ఆడించగానే పంప్ మోగిందంటే దొంగ దొరికినట్టే. విప్పి కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి. సైడ్ స్టాండ్ వేస్తే ఇంజిన్ ఆగిపోయే బండ్లలో ఆ స్విచ్‌కి బురద పట్టినా ఇదే కథ. బండి ఒకసారి పడిపోయి లేపాక స్టార్ట్ కాకపోతే కంగారు పడకండి. తాళం ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేస్తే పడిపోయే సెన్సర్ మామూలు స్థితికి వస్తుంది.

ఫ్యూజ్‌ను కంటితో చూసి బాగుందనేయకండి. తీగ సన్నగా చిట్లినా కనిపించదు. తాళం ఆన్ చేసి, ఫ్యూజ్ వీపు మీదుండే రెండు చిన్న లోహపు మొనల మీద విడివిడిగా వోల్టేజీ చూడండి. రెండు వైపులా 12 ఉండాలి. కాలిపోయి ఉంటే అంతే ఆంపియర్లది కొత్తది వేయండి. అది కూడా కాలిపోతే ఎక్కడో ప్లస్ వైరు ఛాసిస్‌కి (బండి ఇనుప ఫ్రేముకు) తగులుతోంది. దయచేసి రాగి తీగ చుట్టడం, సిగరెట్ ప్యాకెట్‌లోని వెండి కాగితం పెట్టడం, పెద్ద ఫ్యూజ్ వేయడం లాంటివి చేయకండి. ఫ్యూజ్ కాలకపోతే దాని బదులు వైరింగ్ కాలుతుంది. అది కాలేది పెట్రోల్ ట్యాంక్ కిందే.

తాళం ఆన్ చేస్తే డాష్‌బోర్డు మీది ఇంజిన్ చెక్ లైట్ వెలిగి ఆరాలి. అసలు వెలగలేదంటే ఈసీయూకే కరెంటు రావడం లేదు, వెతుకులాట అక్కడ మొదలుపెట్టండి. వెలిగి ఆరకుండా ఉన్నా, మినుకుమన్నా అందులో లోపం ఎక్కడుందో చెప్పే కోడ్ ఉంది. చాలా హోండా బండ్లలో పొడుగు మెరుపు పది, పొట్టి మెరుపు ఒకటి అని లెక్క. ఒక పొడుగు, రెండు పొట్టివి వస్తే 12, అంటే ఇంజెక్టర్ సర్క్యూట్. ఐదు పొడుగు, నాలుగు పొట్టివి వస్తే 54, అంటే పడిపోయే సెన్సర్. కోడ్ అంటే 'ఈ దారిలో చూడు' అని మాత్రమే, 'ఈ పార్టు మార్చు' అని కాదు. 12 వచ్చిందని ఇంజెక్టర్ కొనేముందు దాని కప్లర్ తీసి చూడండి.

పంప్ కప్లర్ దగ్గర అసలు పరీక్ష

సీటు తీసి, ట్యాంక్ వెనక బోల్టు విప్పి కొంచెం పైకి లేపితే చాలా బండ్లలో పంప్ కప్లర్ అందుతుంది. అందులో పంప్‌వి రెండు వైర్లు. మూడోది, నాలుగోది ఉంటే అవి పెట్రోల్ లెవల్‌వి.

కప్లర్ ఊడదీయకుండా, వెనక వైపు నుంచి వైరు పక్కన సన్నటి పిన్ను దూర్చి, మీటర్ రెండు మొనలూ పంప్ వైర్ల మీద పెట్టండి. ఇంకొకరిని తాళం ఆన్ చేయమనండి. ఆ రెండు సెకన్లలో మీటర్ ఎంత చూపిస్తుందో గమనించండి. బ్యాటరీ దగ్గర ఉన్నదానికి అర వోల్టు లోపు తేడాతో వస్తే దారి బాగున్నట్టు. అంత వోల్టేజీ వచ్చి కూడా పంప్ కదలకపోతే అప్పుడు పంప్‌ను అనుమానించవచ్చు. 8, 9 వోల్టులే వస్తే దారిలో ఎక్కడో కరెంటు ఇరుక్కుంటోంది.

ఇక్కడే చాలామంది పొరపడతారు. కప్లర్ ఊడదీసి, ఖాళీ పిన్నుల మీద మీటర్ పెట్టి '12 వస్తోంది కదా, వైరింగ్ బాగుంది' అనేస్తారు. మీటర్ తాగే కరెంటు దాదాపు సున్నా. నూలు పోగంత రాగి తీగ ఒక్కటి మిగిలున్నా దానికి 12 కనిపిస్తుంది. పంప్‌కి ఆంపియర్లు కావాలి, ఆ ఒక్క పోగు మోయలేదు. బాబాయి బండిలో జరిగింది సరిగ్గా ఇదే. కప్లర్ ఊడదీస్తే 12.4. తగిలించి తాళం ఆన్ చేస్తే 7 దగ్గర ఊగిసలాడింది.

పంప్ బదులు బరువు (కరెంటు లాగే లోడ్) కావాలంటే 21 వాట్ల బ్రేక్ లైట్ బల్బు వాడండి. సుమారు 1.75 ఆంపియర్లు తీసుకుంటుంది. తాళం ఆఫ్‌లో ఉండగా బల్బు వైర్లు కప్లర్‌కి గట్టిగా కలిపి, బల్బును ట్యాంక్‌కి దూరంగా పెట్టి, అప్పుడు తాళం ఆన్ చేయండి. రెండు సెకన్లు నిండుగా వెలగాలి. ఎర్రగా మందంగా వెలిగిందంటే దారిలో అడ్డు ఉంది.

అడ్డు ఎక్కడుందో తేల్చడం

బరువు మీద ఉండగా వోల్టులు ఎక్కడ పోతున్నాయో కొలవాలి. మీటర్ ఎర్ర మొన బ్యాటరీ ప్లస్ మీద, నల్ల మొన పంప్ ప్లస్ వైరు మీద పెట్టి పంప్ నడిపించండి. మీటర్ చూపించేది దారిలో పోగొట్టుకున్న వోల్టులు. అర వోల్టు దాటితే ప్లస్ వైపు తప్పుంది. తర్వాత ఒక మొన పంప్ మైనస్ మీద, ఇంకోటి బ్యాటరీ మైనస్ మీద పెట్టండి. 0.2 వోల్టు దాటకూడదు. మైనస్‌ను ఈసీయూ కలిపే బండ్లలో కాస్త ఎక్కువ ఉండొచ్చు. ఎర్త్ వైరు ఛాసిస్‌కి బిగించిన బోల్టు కింద పెయింటు, తుప్పు ఉండి ఇబ్బంది పెట్టడం చాలా మామూలు. విప్పి, ఉప్పుకాగితంతో తెల్లగా మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన గ్రీజు పూయండి.

ప్లస్ వైపు తేడా అయితే నల్ల మొనను ఒక్కో మెట్టు వెనక్కి జరుపుకుంటూ రండి. రిలే బయటి వైపు, రిలే లోపలి వైపు, తాళం స్విచ్ తర్వాత, ఫ్యూజ్ తర్వాత. ఏ రెండు చోట్ల మధ్య అంకె ఒక్కసారిగా తగ్గిందో అక్కడే లోపం.

రిలే ఉంటే చాలావాటి కింద అంకెలుంటాయి. 85, 86 కాయిల్. 30, 87 పంప్‌కి కరెంటు పంపేవి. టిక్‌మన్నంత మాత్రాన బాగున్నట్టు కాదు. కాయిల్ లాగినా లోపలి కాంటాక్ట్ నల్లబడి కరెంటు దాటకపోవచ్చు. బండిలో అలాంటిదే ఇంకో రిలే ఉంటే రెండూ మార్చి చూడండి, అర నిమిషంలో తేలిపోతుంది.

వైరు కోసం వెతుకులాట

మీటర్ పెట్టి ఉంచి, తాళం ఆన్ చేయిస్తూ, వైర్ల కట్టను జాన జాన చొప్పున కదపండి. హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పండి. ఎక్కువగా తెగేది హ్యాండిల్ మెడ దగ్గరే. రోజుకు వందలసార్లు మడత పడేది అక్కడ. తర్వాత ట్యాంక్ వెనక బోల్టు కింద నలిగే చోట, బ్యాటరీ పెట్టె అంచు దగ్గర, సీటు కింద. బండి చాలా రోజులు కదలకుండా ఉంటే ఎలుక కొరికిన గుర్తులు కూడా చూడండి.

బాబాయి బండిలో హ్యాండిల్ ఎడమకు తిప్పగానే 7 ఉన్న అంకె 3కి పడింది. మెడ దగ్గర టేపు విప్పి చూస్తే పైకి వైరు నున్నగా ఉంది, ఎక్కడా చిరుగు లేదు. కానీ రెండు వేళ్ల మధ్య పట్టుకుంటే ఒక అంగుళం మేర మాత్రం మెత్తగా వేలాడుతోంది. మెల్లగా లాగితే రబ్బరు బ్యాండులా సాగింది. లోపల రాగి ఉన్న వైరు సాగదు. తొడుగు చీరితే లోపల పోగులన్నీ తెగి పచ్చటి పొడిగా మారాయి, మిగిలింది రెండో మూడో. వాన తడి లోపలికి ఎక్కి అలా తినేసింది. మలుపు తిరిగినప్పుడల్లా ఆ రెండు పోగులూ విడిపోతున్నాయి, తిన్నగా పెట్టి పది నిమిషాలు ఆగితే మళ్లీ తగులుతున్నాయి.

ఇలాంటి వైరును మెలేసి టేపు చుడితే మళ్లీ వానకే తిరిగొస్తుంది. పచ్చబడిన భాగమంతా, ఎర్రటి రాగి కనిపించేదాకా కోసేయాలి. అంతే మందం ఉన్న ఆటో వైరు ముక్క కలిపి, సోల్డర్ పెట్టి, హీట్ ష్రింక్ తొడుగు ఎక్కించండి. అతుకు మడత పడే చోట రాకుండా కొంచెం అవతలకు జరపండి. సోల్డర్ చేసేముందు బ్యాటరీ మైనస్ తీసి, ట్యాంక్ దించి దూరంగా పెట్టాలి.

కరెంటు సరిగ్గా వచ్చినా పంప్ తిరగకపోతే

పంప్ ఫ్యూజ్ విడిగా ఉంటే, దాని చోట మీటర్‌ను 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి కరెంటు కొలవండి. పూర్తి వోల్టేజీ వచ్చి ఆంపియర్లు సున్నా అయితే పంప్ లోపల తెగింది. మాన్యువల్‌లో చెప్పినదానికంటే బాగా ఎక్కువ లాగుతుంటే మోటార్ ఇరుక్కుంటోంది, పెట్రోల్ వడకట్టే జాలీలో మురికి చూడండి. ఇథనాల్ కలిసిన పెట్రోల్ తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలని బండి ట్యాంక్ అడుగున నీళ్లు చేరి తుప్పు పట్టడం, ఆ తుప్పు జాలీకి పట్టడం మామూలే. పంప్‌ను బయటికి తీసి పొడిగా తిప్పి చూడొద్దు. దాన్ని చల్లబరిచేది పెట్రోలే, పైగా నిప్పురవ్వ భయం కూడా.

ఇంజెక్టర్, సెన్సర్లు

ఇంజెక్టర్ కప్లర్ తీసి దాని రెండు పిన్నుల మధ్య ఓమ్స్ చూడండి. మామూలుగా 9 నుంచి 15 మధ్య ఉంటుంది. తాళం ఆన్ చేస్తే కప్లర్‌లో ఒక వైరుకు 12 వోల్టులు రావాలి. రెండో వైరును ఈసీయూ క్షణాల్లో కలుపుతూ తీస్తూ ఉంటుంది. ఎల్ఈడీ టెస్టర్ పెట్టి సెల్ఫ్ కొడితే అది టపటపా మెరవాలి. పాతకాలపు బల్బు టెస్టర్ ఈసీయూ వైర్ల మీద వాడకండి, అది ఎక్కువ కరెంటు లాగుతుంది. ఇంజెక్టర్‌కి నేరుగా బ్యాటరీ కూడా పెట్టకండి, లోపలి కాయిల్ కాలిపోవచ్చు.

రేస్ ఎంత తిప్పారో చెప్పే థ్రాటిల్ సెన్సర్‌కి ఈసీయూ నుంచి 5 వోల్టులు రావాలి. రేస్ మెల్లగా తిప్పుతుంటే సిగ్నల్ వైరు మీద వోల్టేజీ ఎక్కడా తెగకుండా పెరుగుతూ పోవాలి. మధ్యలో ఒక్కసారి పడిపోతే బండి ఆ చోటే జర్క్ ఇస్తుంది. అసలు 5 వోల్టులే రాకపోతే ఈసీయూ పోయిందని తీర్పు చెప్పేయకండి. ఒకే 5 వోల్టుల లైను రెండు మూడు సెన్సర్లకు వెళ్తుంది. అందులో ఒకటి షార్ట్ అయితే అన్నిటికీ పోతుంది. తాళం ఆఫ్ చేసి ఒక్కో సెన్సర్ కప్లర్ తీస్తూ, ప్రతిసారీ ఆన్ చేసి కొలవండి. ఏది తీసినప్పుడు 5 తిరిగొచ్చిందో అదే తప్పుది.

ఈసీయూ అనుమానం అన్నిటికంటే చివర. దానికి వచ్చే ప్లస్ వైర్లు, ఎర్త్ వైర్లు అన్నీ బరువు మీద కొలిచి బాగున్నాయని తేలాకే దాని వైపు వెళ్లండి. అంతదాకా వస్తే స్కానర్ ఉన్న చోట చూపించడమే మేలు, అది తెరిచి బాగుచేసే వస్తువు కాదు.

పని అయ్యాక కోడ్‌లు చెరిపి, బండిని అరగంట నడిపి, వేడి మీద ఇంకోసారి కొలవండి. బాబాయి బండిలో అతుకు వేశాక తాళం ఆన్ చేస్తే పంప్ దగ్గర 12.2 వచ్చింది, హ్యాండిల్ ఎటు తిప్పినా కదల్లేదు. ఆ సాయంత్రమే, మెకానిక్ తీసి ఇచ్చిన పాత పంప్‌ను శుభ్రం చేసి, ట్యాంక్‌లో వేసి చూశాం. తాళం తిప్పగానే గుయ్‌మంది. ఇప్పుడు బండిలో నడుస్తున్నది అదే, కొత్తది అట్టపెట్టెలో స్పేర్‌గా ఉంది.